బావ నోటి మహిమ

వార్డు ఎన్నికల్లో నేను నిలబడ్డాను, రేపే కౌంటింగ్. నేను చిత్తుగా ఓడతానని మా బావ నెలరోజులుగా వీధివీధినా చాటుతున్నాడు. ఆయనతో మాటలు మానేశాను. బాస్కెట్‌బాల్ ఫైనల్ అనేసరికి మాత్రం ఒకే సోఫాలో చెరో మూలా కూలబడ్డాం.

ఆఖరి క్షణాల్లో మా టీం ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి మా పొడుగోడి చేతికొచ్చింది.

"వీడా? వీడు వేస్తే సగం మీసం గీయించుకుంటా!" అని బావ అరిచాడు.

బంతి రింగు చుట్టూ గిర్రున తిరిగి లోపల పడింది! ఇద్దరం సోఫా ఎక్కి గంతులేశాం.

"మరి మీసం?" అన్నాను.

"పోతే పోయిందిలేరా! ఆటలో గానీ, ఓట్లలో గానీ, నేను ఓడతాడన్నవాడు ఏనాడైనా ఓడాడా?" అని కన్నుగీటాడు.

నా గంతులు ఆగిపోయాయి.

"బావా, నా సంగతి ఇంకొక్కసారి చెప్పవా!"

"నీకు డిపాజిట్ కూడా దక్కదురా!" అంటూ గట్టిగా వాటేసుకున్నాడు.