నైస్ పురాణం

తలుపు తీసింది బావ. తీశాడే గానీ అడ్డం తొలగలేదు.

"మీ అక్క నిన్ను గుమ్మం తొక్కనివ్వొద్దంది," అన్నాడు గొంతు తగ్గించి. "నిన్న నువ్వు వెలగబెట్టిన నిర్వాకం అలాంటిది మరి."

నిర్వాకమంటే చిన్న మాటే. నిన్న సాయంత్రం స్కూల్లో అక్కకి వీడ్కోలు సభ. డ్రాయింగ్ టీచరు, మైకు ముందు నిలబడటం అలవాటు లేని మనిషి. వణుకుతూనే "మా స్టాఫంతా చాలా నైస్" అంది. ముందు వరసలో కూర్చున్న తమ్ముడు ఊరుకోవచ్చుగా. నిఘంటువు ఆఫీసులో పొద్దస్తమానం మాటల పుట్టుక తవ్వుకునే ఉద్యోగం అతనిది. లేచి నిలబడి, ఆ మాట లాటిన్‌లో 'ఏమీ తెలియనివాడు' అనే మాట నుంచి వచ్చిందనీ, మొదట్లో నైస్ అంటే తెలివితక్కువవాడనే అర్థమనీ సభకంతా విడమరిచి చెప్పాడు. హాలు గొల్లుమంది. స్టాఫు మాత్రం నవ్వలేదు. అక్క మిగతా నాలుగు మాటలూ మింగేసి వచ్చి కూర్చుంది.

అప్పట్నుంచీ అతను తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. వెధవ, వట్టి వెధవ కూడా కాదు, చదువుకున్న వెధవ. ఆఫీసులో అతను ఎదురొస్తే జనం మోగని ఫోను చెవికి పెట్టుకుని తప్పుకుంటారు. అతను చెప్పేది చివరిదాకా వినే ప్రాణి ఈ లోకంలో అక్క ఒక్కతే. చెవికి మిషను పెట్టించుకున్నాక అయితే మరీను, కన్నార్పకుండా వింటుంది. ఆవిడే మాట్లాడటం మానేస్తే ఇంక అతను గోడలకి చెప్పుకోవాలి.

"రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాను బావా."

"నువ్వా? రెండు ముక్కలా?" అన్నాడు బావ. అయినా పక్కకి జరిగాడు.

అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చుని బీన్స్ తుంచుతోంది. తలెత్తలేదు. అతను ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. తప్పయిపోయింది అక్కా, అన్న ఒక్క మాటనే దారంతా వల్లించుకుంటూ వచ్చాడు. తీరా నోరు తెరిస్తే ఇంకేదో వచ్చింది.

"అక్కా, ఆ నైస్ అనే మాట ఉంది చూడు..."

బావ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అక్క బీన్స్ పక్కన పెట్టేసింది. చెవి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుని, గుప్పిట బిగించి ఒళ్ళో పెట్టుకుని, అతని మొహంలోకి సూటిగా చూసింది. ఆ గుప్పిట చూస్తే అతనికి భయమేసింది. భయమేస్తే ఇంకా ఎక్కువ మాట్లాడతాడు.

ఆ మాటకి మొదటి అర్థం మూర్ఖుడన్నాడు, అది తనే. తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాడనే అర్థం వచ్చింది, అదీ తనే. ఆ తర్వాత సున్నితమైనదని, అది అక్క మనసు. ఆ పైన వెంట్రుకవాసి తేడా కూడా రానివ్వనిదని, అది అక్క గీసే గీత. మంచిది అన్న అర్థం అన్నిటికన్నా వెనక, పడుతూ లేస్తూ వచ్చింది.

"మంచిదనిపించుకోవడానికి ఆ మాటకే కొన్ని వందల ఏళ్ళు పట్టింది అక్కా. నాక్కూడా కాస్త టైమివ్వు."

అనేసరికి కళ్ళు తడిశాయి. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కళ్ళు తుడుచుకోవాలని తోచలేదు.

అక్క కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. ఎడం చేత్తో అతని తల నిమిరింది.

"ఇంక చాల్లేరా, ఊరుకో. భోంచేసి వెళ్ళు."

అతని గుండె మీది బరువు దిగిపోయింది. అక్కడితో లేచి చేతులు కడుక్కుంటే ఎంత బాగుండేది. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి తన పాండిత్యం ఒక మనిషిని ఏడిపించింది. మామూలుగా విసుగే పుట్టిస్తుంది. ఈ ఘనత ఏ అర్థానికి దక్కిందో తెలుసుకోకపోతే అన్నం సహించేలా లేదు.

"అక్కా, ఇందాక నీకు కన్నీళ్ళొచ్చింది ఎక్కడ? సున్నితం దగ్గరా, చిట్టచివరి అర్థం దగ్గరా?"

అక్క పలకలేదు. మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త వివరంగా. బావ కిటికీ వైపు తిరిగి దగ్గడం మొదలెట్టాడు.

అతని పెదాలు ఆగేదాకా చూసి, అక్క ఒళ్ళోని గుప్పిట విప్పింది. అందులో చెవి మిషను ఉంది.

"ఉండరా, పెట్టుకోనీ," అంది తాపీగా. "ఇది వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు మొదలెట్టగానే తీసేస్తున్నాను. ఇవాళ నీ ఏడుపు మొహం చూసి క్షమించేశాను గానీ, ఇంతకీ సారీ అన్నావా, లేదా?"