లీలారాణి మెయిళ్ళు

ఆదివారం ఆరాధన నుంచి వచ్చిన ఎలీషా మాస్టారు చొక్కా అయినా మార్చకుండా కొత్తవలసలో ఉన్న మరదలికి ఫోన్ చేశారు. మీ అక్క రాసిన మెయిళ్ళన్నీ పోయాయని చెప్పారు.

"పోవడమేటి బావా?" అంది ప్రిస్కిల్లా.

మెయిల్ ప్రోగ్రాం మొరాయిస్తోందనీ, ఉత్తరాలన్నీ కంప్యూటర్లో ఒకే ఫైల్లో ఉంటాయనీ, అది పాడైతే అన్నీ పోయినట్టేననీ మాస్టారు పాఠం చెప్పినట్టు వివరించారు. బ్యాకప్ తీసిపెట్టమని భార్య లీలారాణి పోరుతూనే ఉండేది. ఆయన రేపంటే ఎల్లుండనేవారు. జూలైలో ఆవిడ కన్నుమూసింది. ఆ తర్వాత ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో ప్రార్థించడానికి వచ్చినవాళ్ళు వానల గురించి, ఆయన తిండి గురించి మాట్లాడి వెళ్ళారు.

ఇక ఆవిడ ఎవరెవరికి రాసిందో వాళ్ళ దగ్గరే ఆ మెయిళ్ళు మిగిలి ఉంటాయి.

"నా కాడ ఉన్నాయి గానీ, అన్నీ నీ మీద పితూరీలే" అంది ప్రిస్కిల్లా. అన్నీ ఒక్కసారే పంపేస్తానంది.

"వద్దు, కంప్యూటర్ మళ్ళీ బిగుసుకుపోతుంది. ముందు చదువు. ఏవి కావాలో చెప్తాను."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని చదివింది. "మీ బావకి వంకాయలు ఏరడం రాదే. పుచ్చులు చూసి జాలిపడి, పాపం వీటినెవరు కొంటారని అవే తెస్తారు." చదువుతూ మధ్యలో ఆగి, అక్క ఆ వంకాయలతోనే పులుసు పెట్టి తనకు వడ్డించిన సంగతి చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. అది కావాలన్నారు మాస్టారు. ఆ తర్వాత చదివినవన్నీ కూడా కావాలన్నారు.

సాయంత్రం కళింగపట్నంలో ఉన్న బావమరిది ఏసురాజు వంతు. అతనికి అక్క రాసినవన్నీ తిట్లే.

"సూడు బావా, ఏటి రాసిందో. క్రిస్మస్ పాటల్లో నువ్వు నోరు కదిపితే చాల్రా, గొంతు విప్పకు అంట."

నిజంగానే గొంతు విప్పలేదా అని మాస్టారు అడిగారు. విప్పానని, అక్క వెనక నుంచి గిల్లిందని ఏసురాజు చెప్పాడు. ఎక్కడ గిల్లిందో, అప్పుడు ఏ పాట పాడుతున్నారో కూడా మాస్టారు అడిగి తెలుసుకున్నారు. మాటలు చాలాసేపు సాగాయి.

చివరికి ఏసురాజుకు అనుమానం వచ్చింది. "కంప్యూటర్లు బాగుసేసే మన గంగులికి సూపించావా? పోయినవి ఎలాటివైనా ఆడు తిరిగి తీసిస్తాడు గదా."

"వచ్చి వెళ్ళాడు" అన్నారు మాస్టారు.

పోనీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వస్తానన్నాడు ఏసురాజు. తొందరేమీ లేదని, రేపు ఇంకొకటి చదివి వినిపించమని చెప్పి మాస్టారు ఫోన్ పెట్టేశారు.

మెయిళ్ళన్నీ ఎక్కించి గంగులు ఎప్పుడో ఇచ్చేసిన సీడీని ఆయనింకా తెరవలేదు.