బగ్ రిపోర్టు

“ఎవడ్రా వీడికి ప్రోగ్రాములు రాయమని చెప్పింది?” సాయి తేజ హెడ్‌ఫోన్స్ తీసి సోఫా మీదికి విసిరాడు. “రాత్రిదాకా లక్షణంగా మోగిన లాప్‌టాప్. పొద్దున అప్‌డేట్ చేశానో లేదో, మూగనోము పట్టింది.”

రూమ్మేట్ రాకేష్ ఉప్మా ప్లేటుతో వచ్చి తొంగిచూశాడు. “ఇంటర్వ్యూ ఎన్నింటికి?”

“రెండింటికి. గంటన్నర ఉంది.”

చదువైపోయాక ఉద్యోగం లేకుండా అమెరికాలో ఉండనిచ్చేది తొంభై రోజులు. సాయి తేజకి ఎనభై మూడు అయిపోయాయి. అసలే 2009, పిలిచి ఉద్యోగం ఇచ్చేవాడే లేడు. ఈ ఫ్రీమాంట్ కంపెనీ కూడా కాదంటే చాండ్లర్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి విమానం ఎక్కడమే.

“పోనీ నా లాప్‌టాప్ తీసుకో.”

“నీది విండోస్. వాళ్ళు లినక్స్‌కి ఇంటర్నెట్ ఫోన్ ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళు. కాల్ ఆ ఫోన్‌లోనే తీసుకోవాలట.”

“ఇంటర్వ్యూ చేసేదెవరు?”

“జె. మిల్లర్ అని ఉంది. ఎవరో తెల్లాయన.”

తప్పెక్కడుందో అప్పటికే తేలింది. పాత సౌండ్ ప్యాకేజీ ఉండగానే అప్‌డేట్ ఇంకో కొత్తదాన్ని తెచ్చి పెట్టింది. ఉన్న ఒక్క సౌండ్ కార్డు కోసం రెండూ కొట్టుకుంటున్నాయి. చెప్పాపెట్టకుండా ఇంట్లోకొచ్చి, మంచం మీదున్నవాణ్ణి దిగమన్నట్టుంది కొత్తదాని వరస. ఒళ్ళు మండదా మరి?

ఆ ప్యాకేజీ సైట్‌లో దొంగపేరుతో బగ్ రిపోర్టు పెట్టాడు. ఇంగ్లీషులో నాలుగు దులిపినా కడుపుమంట చల్లారలేదు. చివర్న ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగులో తగిలించాడు: ‘ఇది రాసినవాడి బుర్రలో పేడ ఉంది.’

“అదేంట్రా అలా రాశావ్?” అన్నాడు రాకేష్.

“వాడికి అర్థమైతే కదా.”

పది నిమిషాల్లో బ్లూజే అనే పేరుతో జవాబొచ్చింది. ప్యాకేజీ రాసింది తనేనట. ‘పూర్తి లాగ్ పంపండి’ అని ఒక్క ముక్క.

“సారీ లేదు, ఏమీ లేదు. పైగా ఆర్డర్లు.” లాప్‌టాప్ తను చేసిన ప్రతి పనీ రాసిపెట్టుకునే ఆ లాగ్‌ని సాయి తేజ పళ్ళు కొరుకుతూ మొత్తం కాపీ చేశాడు. “చూడు, నా ఫోల్డర్‌లోనే దూరింది. లైన్ లైన్‌కీ సాయితేజవేమూరి, సాయితేజవేమూరి. నా పేరు మీదున్న ఫోల్డర్‌లో వీడి ఫైళ్ళేంటి?” అంటూనే పంపేశాడు.

రెండో జవాబు కాస్త పొడుగ్గానే వచ్చింది. ‘ముందు పాత ప్యాకేజీ తీసేయండి. దాని సెట్టింగ్స్ ఫైలు మీ ఫోల్డర్‌లో మిగిలిపోతుంది, అదీ తీసేయండి. తర్వాత రీస్టార్ట్ చేయండి. రెండు గంటల్లోపే అయిపోతుంది.’

“నాకు టైం కూడా చెప్తున్నాడు,” అని గొణుక్కుంటూ చెప్పినట్టే చేశాడు. ఒకటీ నలభై ఐదుకి లాప్‌టాప్ ఖంగున మోగింది.

“థాంక్స్ చెప్పరా పాపం.”

“దేనికి? ఇల్లు తగలబెట్టి బకెట్ నీళ్ళు పోసినందుకా?”

సరిగ్గా రెండింటికి కాల్ వచ్చింది. మిల్లర్ తెల్లాయన కాదు, ఎవరో ఆవిడ. నిదానంగా, మర్యాదగా, చక్కటి ఇంగ్లీషులో నలభై నిమిషాలు అడిగింది. ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ రాకేష్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

“ఆఖరి ప్రశ్న. ఒకరి మెషీన్‌లో రెండు సౌండ్ ప్యాకేజీలు కొట్టుకుంటున్నాయి. ఏం చేస్తారు?”

సాయి తేజకి నవ్వొచ్చింది. తన అనుభవమంతా రంగరించినట్టు గొంతు సవరించుకున్నాడు. పాతది తీసేయాలన్నాడు. అంతటితో చాలదని, యూజర్ ఫోల్డర్‌లో మిగిలే సెట్టింగ్స్ ఫైలు సంగతి చాలామందికి తెలియదని, అదీ తీసేసి అప్పుడు రీస్టార్ట్ చేయాలని వివరించాడు.

సౌండ్ మళ్ళీ పోయిందేమోనని వాల్యూమ్ పెంచాడు.

“పేడబుర్ర చెప్పింది బాగానే గుర్తుపెట్టుకున్నావు బాబూ,” అందావిడ తెలుగులో.