పావుగంటకోసారి

ట్యూరె రెండు చేతులూ ఊపుతూ ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. హల్వార్ తల మీద హెల్మెట్, చెవులకు చప్పుడాపే డిప్పలు, మొహానికి జాలీ. ఎదురుగా పోయి నిలబడ్డాక గానీ మోటారు రంపం ఆపలేదు.

"ఒక్క గంట ఆపు బాబాయ్. కుక్క ఎక్కడ మొరుగుతోందో వినబడి చావట్లేదు" అన్నాడు ట్యూరె.

పొద్దున తొమ్మిదింటికి అతను పేల్చిన గుండు ఆడ దుప్పికి తగలాల్సిన చోట తగల్లేదు. కడుపులో దిగింది. అది అలాగే అడవిలోకి పరిగెత్తింది. నమ్మకం లేకుండా తుపాకీ ఎత్తొద్దని ఇరవై ఏళ్లుగా అందరికీ నీతులు చెప్పిన వేట పెద్ద అతనే. గాయపడ్డ జంతువు దొరికేదాకా ఇంకెవరూ తుపాకీ పేల్చకూడదు, రొట్టెల సంచీ విప్పకూడదు. వెర్మ్‌లాండ్ అడవుల్లో అది కట్టుబాటు. తోటి వేటగాళ్లు పదకొండు మంది మోడుల మీద కూర్చుని, ఏమీ అనకుండా అతని వంకే చూస్తున్నారు. తిట్టినా బాగుండునని అనిపించింది ట్యూరెకు.

నేలంతా ఎర్రటి అడవిపండ్లు. వాటిలో నెత్తుటి చుక్కలు ఆనడం లేదు. ఇక దిక్కల్లా వేటకుక్క గొంతే. దుప్పిని నిలబెట్టిన చోట అది ఆగకుండా మొరుగుతుంది, ఆ చప్పుడు పట్టుకుని నడవాలి.

హల్వార్ గడియారం చూసుకున్నాడు. పావుగంట ఆపుతాననీ, ఆ తర్వాత ఒక్క నిమిషమైనా తిప్పాల్సిందేననీ చెప్పాడు. దుప్పులకు రంపమంటే భయం లేదని, కొట్టేసిన చెట్ల లేత కొమ్మలు తినడానికి చప్పుడు విని మరీ వస్తాయని కూడా అన్నాడు.

"కడుపులో గుండున్నది తినడానికి రాదు బాబాయ్."

హల్వార్ తల దించుకున్నాడు కానీ పట్టు విడవలేదు. కారణం ఊరందరికీ తెలిసిందే. కిందటేడు రంపం ఎగిరి అతని ఎడమ తొడలో దిగింది. పోస్టుమాన్ అటుగా వచ్చి చూసేదాకా రెండు గంటలు నాచులో పడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అతని భార్య స్వేయా ఆ హెల్మెట్, డిప్పలు, రంపపు గొలుసు తగిలితే నూలుపోగులు చుట్టుకుని రంపాన్ని ఆపేసే ఆ మందపాటి ప్యాంటు కొనుక్కొచ్చింది. ఇంకో షరతూ పెట్టింది. ఇంటికి వినబడే రంపం చప్పుడు పావుగంటకు మించి ఆగిందంటే, తన పాడు మోకాళ్లతోనే ఈ రాళ్ల వాలు ఎక్కి వస్తానంది. హల్వార్ ఏడాదిలో ఒక్కసారీ గడువు తప్పలేదు. ముప్పై ఏళ్లు డిప్పల్లేకుండా రంపం పట్టి అతనికే సగం చెవుడు, పైగా ఇంట్లో ఆలుమగలు రోజుకు నాలుగు మాటలాడుకుంటే ఎక్కువ. అయినా ఆ మాట దగ్గర మాత్రం గీత దాటడు.

"పెళ్లికొడుకులా ముస్తాబు చేసి పంపిస్తోందన్నమాట" అన్నాడు ట్యూరె ఉక్రోషంగా.

"నవ్వుకో. కాలు నాది."

పావుగంట నిశ్శబ్దం. గడువు ముగుస్తుండగా వాగువైపు కుక్క రెండుసార్లు మొరిగింది. ట్యూరె పది అడుగులు వేసేసరికి రంపం గయ్యిమంది. అది ఆగేసరికి కుక్క ఇంకెటో పోయింది. మూడుసార్లు ఇదే తంతు. ఆరింటికల్లా చీకటి పడుతుంది. ఆ దుప్పి ఎక్కడో పొదలో నిలబడి వణుకుతూ ఉంటుందన్న ఆలోచన ట్యూరెను కాలు నిలవనివ్వలేదు. నేరుగా స్వేయానే అడుగుదామని వాలు దిగి పరిగెత్తాడు.

తలుపు కొట్టాడు. పలుకు లేదు. లోపలికి వెళితే ఆమె అటు తిరిగి పొయ్యి మీద చారు కలుపుతోంది. ట్యూరె టోపీ తీసి జరిగిందంతా చెప్పుకున్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. నా గుండు సంగతి అప్పుడే ఈమెదాకా వచ్చింది, మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేదు అనుకున్నాడు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఉప్పుడబ్బా కోసం తిరిగినప్పుడు అతన్ని చూసి ఉలిక్కిపడిందామె. ట్యూరె నేల చూపులు చూస్తూ మళ్లీ మొదలుపెట్టాడు.

"తలెత్తి చెప్పు, ట్యూరె."

తలెత్తి చెప్పాడు. ఆమె కళ్లు అతని మొహం మీంచి కదల్లేదు.

"సరే, గంట తీసుకో. ఒక్క నిమిషం దాటినా నేను బయల్దేరతానని చెప్పు ఆయనకి."

రంపం ఆగింది. పదకొండు మంది ఊపిరి బిగబట్టారు. కాసేపటికి వాగు దగ్గర మొరుగు మొదలై అక్కడే నిలిచింది. ట్యూరె వెళ్లేసరికి దుప్పి మోకాలిలోతు నీళ్లలో తల వాల్చి నిలబడి ఉంది. ఈసారి గుండు తప్పలేదు. అతను ఒడ్డున కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. వెనక ఎవరో రొట్టెల సంచీ విప్పారు.

దుప్పి కార్జం ముక్క కాగితంలో చుట్టుకుని, కృతజ్ఞతలు చెప్పడానికి మళ్లీ స్వేయా దగ్గరికి వెళ్లాడు. కొండ మీద రంపం అప్పటికే మొదలైంది. ఆమె కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది. ఆయన గడువులోపే మొదలుపెట్టాడని ట్యూరె నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వలేదు.

"మీ ఇల్లు ఆ వాలు కిందే కదా. రేపట్నుంచి ఆయన రంపం మీద ఓ చెవి వేసి ఉంచు నాయనా. పావుగంట దాటితే పరిగెత్తు."

"దానికి నువ్వున్నావుగా పిన్నీ."

"ఆయనతో మాత్రం అనకు. తెలిసిన రోజే ఆ టోపీ, ప్యాంటూ అటకెక్కిస్తాడు."

"ఏం తెలిస్తే?"

"నాకు చెవులు వినబడక రెండేళ్లయింది."