రంగు కింద ఇనుము

మైకు బటన్ నొక్కి అరిచి అరిచి వెర్నా అలసిపోయింది.

లారీలోని పాత సీబీ రేడియోలో తోటి డ్రైవర్ల కబుర్లన్నీ వినబడుతున్నాయి. ఆమె మాట మాత్రం ఒక్కరికీ చేరడం లేదు.

మధ్యాహ్నం రెండైంది. ముందున్న వయోమింగ్ కొండమీద మంచు మొదలైందట. లారీ నిండా దూడలు. వాటిని రాత్రికి ఈ లారీల అడ్డాలోనే చలిలో ఉంచితే సగం దక్కవు. బయల్దేరి కొండమీద ఇరుక్కుంటే, సాయానికి పిలిచే దారి లేదు.

ఎవరో తలుపు తట్టారు. లారీలాగే దుమ్ముకొట్టుకుపోయిన ముసలాయన. చేతిలో చిన్న పుస్తకం. "రేడియో చూడనా?" అని రాసి ఉంది.

చెవుడేమో అనుకుని వెర్నా గొంతు పెంచింది. "చూడు పెద్దాయనా, ఉన్నది మాత్రం పాడుచెయ్యకు."

"చెవులు బాగానే ఉన్నాయి," అని రాశాడు.

వెర్నా నాలిక కరుచుకుంది.

ఆయన మైకు తీగ వంచి చూశాడు. రేడియోకీ యాంటెన్నా తీగకీ మధ్య చిన్న మీటరు తగిలించి, బటన్ నొక్కమని సైగ చేశాడు. ముల్లు ఎర్రగీత దాటిపోయింది. చటుక్కున ఆమె చెయ్యి తీసేశాడు.

"అలాగే నొక్కితే కాలిపోతుంది. రేడియో మంచిదే. నీ మాట బయటికి పోకుండా వెనక్కి తిరిగొస్తోంది," అని రాశాడు.

బయట అద్దం కమ్మీకి బిగించిన యాంటెన్నా ఊడదీసి, చాకుతో కమ్మీ గీకడం మొదలెట్టాడు.

"ఏయ్, ఏంటా పని? ఈమధ్యే నెలరోజుల ఆదివారాలన్నీ పోగొట్టుకుని వేసుకున్న రంగది."

ఆయన ఆగలేదు. ఇనుము తళుక్కుమనేదాకా గీకి, అప్పుడు రాశాడు. "యాంటెన్నా మొదలుకి ఇనుము తగలాలి. నువ్వు మధ్యలో రంగు పూశావు."

"నోట్లో మాట లేదుగానీ మొండితనం మాత్రం దండిగా ఉంది," అని గొణిగింది వెర్నా.

ఆయన బోల్టు బిగిస్తుంటే వెర్నా కోపం కాస్త దిగింది.

"మూడేళ్ల కిందట ఈ కొండమీదే, మంచులో నాకు రోడ్డు కనబడలేదు. ముళ్లపంది అని రేడియోలో పేరు పెట్టుకున్న ఒకడు, గంటన్నర ఆపకుండా మాట్లాడుతూ, మలుపు మలుపూ చెప్పి దింపాడు. మొహం ఎలా ఉంటుందో కూడా తెలీదు. ఏడాదిగా పలకడం లేదు. ఏ వెచ్చటి ఊళ్లోనో కూర్చుని మమ్మల్ని మర్చిపోయుంటాడు."

ముసలాయన నవ్వి, బోల్టు ఇంకో చుట్టు తిప్పాడు.

ఈసారి బటన్ నొక్కితే ముల్లు కదలకుండా కిందే నిలబడింది. వెర్నా ముక్తసరిగా థాంక్స్ చెప్పి, పేరైనా అడక్కుండా బయల్దేరింది.

కొండ మొదట్లో బటన్ నొక్కింది. "నా మాట ఎవరికైనా వినబడుతోందా?"

"పక్కన కూర్చున్నట్టుంది అక్కా," అన్నాడు పది మైళ్ల ముందున్న డ్రైవరు.

వెర్నాకి నమ్మకం కలగలేదు. పదేళ్లలో ఈ రేడియో ఇంత దూరం ఎప్పుడూ పలకలేదు.

"ఎవరు బాగుచేశారు?" అని అడిగాడతను.

"ఎవరో మూగ పెద్దాయన. రాసి చూపిస్తాడు. రంగు గీకాడని తిట్టాను కూడా."



"మూగ కాదక్కా. పోయినేడు గొంతులో క్యాన్సరొస్తే స్వరపేటిక తీసేశారు."

వెర్నా రేడియో శబ్దం పెంచింది.

"మంచు పడే రోజు లారీల మధ్య తిరుగుతూ, ఎవరి రేడియో పలకడం లేదో చూసుకుంటుంటాడు," అన్నాడతను. "ముళ్లపంది ఆయనే."