తువ్వాల కింద చెయ్యి

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా తువ్వాల కింద, పసుపు కొనే ఖయ్యూమ్ సేటు రైతు తుకారాం వేళ్లు నొక్కి ధర చెప్పాడు.

"అబ్బా!" తుకారాం చెయ్యి లాక్కుని, మళ్లీ తనే పెట్టాడు.

ధర తక్కువైందనుకుని సేటు పెంచి నొక్కాడు. మళ్లీ "అబ్బా!" మళ్లీ పెంచాడు.

"మస్తు గట్టోడు!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

విసిగిపోయి సేటు తువ్వాల అంచు లేపాడు. అరచెయ్యి ఎర్రగా కంది, తోలు ఊడుతోంది.

"క్యాన్సర్ మందులకు గిట్లయింది. అరికాళ్లు గూడ గంతే," మెల్లగా అన్నాడు తుకారాం. "మొదటి ధరకే ఒప్పుకున్న, సేటూ."

"అరే, ముందుగాలనే ఎందుకు చెప్పలే?"

"రోగమొచ్చినంక నా చెయ్యి ఎవ్వరు ముట్టుకుంటలేరు. నువ్వు పట్టుకుంటివి. ఇడువబుద్ధి కాలే."

సేటు తువ్వాల సరిగ్గా కప్పి, ఈసారి నొక్కకుండా, ఆ చేతిని పట్టుకుని కూర్చున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు బేరం ఇంకా తెగలేదనుకున్నారు.