లింకు తెగని కార్డు

రెండువేల మూడు వేసవి. రాజమండ్రి దగ్గరి ఓ కాగితం మిల్లులో ఇంజనీరు ఉమాశ్రీ మూడు రోజులుగా మెషీన్ పక్కనే కూర్చుంది. దాన్ని నడిపే కంప్యూటర్‌ను కంట్రోల్ రూమ్‌తో కలపడానికి రెండు నెట్‌వర్క్ కార్డుల్లో ఏది పెట్టాలో తేల్చాలి. ఆ వేడికీ హోరుకీ ఆమె తల దిమ్మెక్కిపోయింది.

"మొదటిది వద్దండి," అన్నాడు అమ్మిరాజు. ఇరవై రెండేళ్లుగా ఆ మెషీన్ ఆపరేటర్ ఆయనే. "పెద్ద మోటారు స్టార్టయినప్పుడల్లా లింకు పోతోంది. పొద్దున్నుంచీ చూస్తున్నానండి."

ఉమాశ్రీ రెండో కార్డు బిగించింది. మోటారును ఎన్నిసార్లు వేసి ఆపినా లింకు తెగలేదు.

"ఇదే ఖాయం చేస్తాను," అంది నీరసంగా. "వచ్చే నెల నుంచి అంతా కంట్రోల్ రూమ్ నుంచే నడుస్తుంది."

"ఇక్కడ మనిషి అక్కర్లేదు కదండి. నాకు పోయిన వారమే నోటీసు ఇచ్చారు."

ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. "మరి నాకెందుకు చెప్పారండీ? మొదటిదే పెట్టుంటే, లింకును నమ్మలేక మిమ్మల్ని ఉంచుకునేవారు."

"కొన్నాళ్లు ఉంచేవారేనండి. కానీ లింకు పోయి, ఆపమన్నా మెషీన్‌కి వినపడని రోజున రోలర్ల దగ్గర ఎవరిదో చెయ్యి ఉంటుంది."

అమ్మిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వెళ్లి భోంచేయండి మేడం. మూడవుతోంది."